డిగ్బోయ్‌లో పొద్దు, తునిలో పొద్దు

నన్ను డిగ్బోయ్‌కి బదిలీ చేశారని చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట, "అక్కడ టైమెంత?" అన్నయ్య అమెరికాలో ఉంటాడు. అందుకని ఆవిడకి దూరం అనగానే ముందు టైం తేడానే గుర్తొస్తుంది. "అదీ ఇండియానే కదమ్మా, ఇక్కడెంతో అక్కడా అంతే" అన్నాను. మూడేళ్లు అక్కడ ఉండి వచ్చాక చెప్తున్నాను, నేనిచ్చిన జవాబు తప్పు.

నాది తుని. పుట్టిందీ, చదువుకున్నదీ, మొదటి ఉద్యోగం వచ్చే దాకా ఉన్నదీ అక్కడే. బ్యాంకులో ప్రమోషన్ తీసుకుంటే దేశంలో ఎక్కడికైనా వేస్తారు, నాకు అస్సాం పడింది. 2014 జూన్‌లో విశాఖలో రైలెక్కాను. రెండు రాత్రులు దాటి మూడో రోజు తిన్సుకియాలో దిగి, అక్కణ్ణుంచి టీ తోటల మధ్యగా బస్సులో డిగ్బోయ్ చేరాను. ఆ రాత్రి అలసటకి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. తెల్లారి కిటికీ తెర సందులోంచి ఎండ సూటిగా మొహం మీద పడేసరికి ఉలిక్కిపడి లేచాను. మొదటి రోజే ఆలస్యం అయిపోయిందని గుండె దడ. ఫోన్ చూస్తే అయిదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. బయట పక్కింటావిడ వాకిలి ఊడవటం అయిపోయి, తడి బట్టలు తీగ మీద ఆరేస్తోంది. పిల్లలు సైకిళ్ల మీద తిరుగుతున్నారు. మా తునిలో ఏడింటికి ఉండే సందడి అది.

జూన్ మూడో వారంలో డిగ్బోయ్‌లో సూర్యోదయం నాలుగుంబావుకి కాస్త ముందే అవుతుంది. అదే రోజు తునిలో అయిదున్నర దగ్గరికి అవుతుంది. ఉదయం తేడా గంటంబావు. సాయంత్రం డిగ్బోయ్‌లో ఆరూ అయిదుకి పొద్దుగూకితే, తునిలో ఆరున్నర దాటాక. ఇక్కడ తేడా అరగంటే. డిసెంబరుకి ఇది తిరగబడుతుంది. ఉదయాల తేడా అరగంటకి తగ్గి, సాయంత్రాల తేడా గంటంబావు అవుతుంది. డిసెంబరు మొదటి వారంలో డిగ్బోయ్‌లో సాయంత్రం నాలుగుంబావుకల్లా సూర్యుడు వెళ్లిపోతాడు. తూర్పుకి ఉండటం ఒక కారణం, ఉత్తరానికి ఉండటం ఇంకో కారణం. ఈ రెండూ వేసవిలో కలిసి ఉదయాన్ని ముందుకు లాగుతాయి, చలికాలంలో కలిసి సాయంత్రాన్ని ముందుకు లాగుతాయి.

ఇందులో తుని వైపు విచిత్రం ఒకటుంది. నాకు అది డిగ్బోయ్ వెళ్లాకే తెలిసింది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుందని అందరం బళ్లో చదువుకున్నాం, పుస్తకంలో మిర్జాపూర్ అని, అలహాబాద్ దగ్గర అని రాసేవారు. అదే గీతని మ్యాప్ మీద కిందికి లాక్కుంటూ వస్తే అన్నవరానికీ తునికీ మధ్యలోంచి సముద్రంలోకి దిగుతుంది. అన్నవరం 82.4, తుని 82.55. చిన్నప్పుడు సత్యనారాయణ స్వామి వ్రతానికి ప్యాసింజర్‌లో వెళ్లిన ప్రతిసారీ ఆ గీత దాటామన్నమాట. అంటే ఈ దేశంలో చేతి గడియారానికీ నెత్తి మీద సూర్యుడికీ బాగా కుదిరిన కొద్ది ఊళ్లలో మాదొకటి. మా ఊళ్లో పన్నెండంటే నిజంగా మిట్టమధ్యాహ్నమే, ఏడాది పొడవునా పావుగంట అటో ఇటో. మే రెండో వారంలో ఒక రోజు, మళ్లీ ఆగస్టు మొదట్లో ఒక రోజు పన్నెండు ప్రాంతాల డాబా మీద నిలబడితే మన నీడ మన పాదాల కిందే ఉంటుంది.

డిగ్బోయ్ 95.6 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున తునికంటే 52 నిమిషాలు ముందు. నవంబరు మొదటి వారంలో అక్కడ పదకొండు కాకముందే, పదీ యాభై దాటగానే మధ్యాహ్నం అయిపోతుంది. మేం బ్యాంకు తెరిచి గంట కూడా కాకుండానే పొద్దు వాలటం మొదలు. పైగా అది కర్కటరేఖకి ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు ఏ రోజూ నడినెత్తి మీదికి రాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా నా నీడ నా కాళ్ల కిందికి రాలేదు. ఇది చిన్న విషయమే, కానీ ఇంటి మీద బెంగ పెట్టుకున్నప్పుడు ఇలాంటివే కంటికి ఆనతాయి.

అసలు టైం అంటే ఏమిటో నాకు అర్థమైన రోజు ఒకటుంది. ఆగస్టులో అనుకుంటా, దగ్గర్లోని ఒక టీ తోటలో కూలీలకి ఖాతాలు తెరిచే పని పడింది. తోట ఆఫీసులో గుమాస్తా "ఎనిమిదింటికి రండి" అన్నాడు. నేను ఫారాలూ, స్టాంప్ ప్యాడూ సంచిలో సర్దుకుని ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే గేటు దగ్గరున్నాను. లోపలికి వెళ్తే ఎవరూ లేరు. వరండాలో గోడ గడియారం దాదాపు తొమ్మిది చూపిస్తోంది. చెడిపోయిందనుకున్నాను. గుమాస్తా బయటికొచ్చి, మర్యాదగానే అన్నాడు, "బైదేవ్, ఆడవాళ్లు ముప్పావు గంట మీ కోసం కూర్చున్నారు. ఆకు ముదిరిపోతుందని ఇప్పుడే లోపలికి పంపేశాను." బైదేవ్ అంటే అక్క. ఆయన చెప్పింది బాగాన్ టైం ఎనిమిది. తోటల గడియారం మామూలు గడియారానికి గంట ముందుంటుంది. తెల్లవాళ్లు తోటలు పెట్టిన రోజుల నుంచి అదే పద్ధతి, వెలుతురు వృథా కాకూడదని. నాకు ఎనిమిదైతే వాళ్లకి తొమ్మిది.

ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. కానీ నా వల్ల డెబ్భై మంది ఆడవాళ్లు పని మానుకుని కూర్చున్నారు. ఆ బాధ చాలా రోజులుంది. ఆ తర్వాత తోట వాళ్లెవరు టైం చెప్పినా "బాగాన్ టైమా, ఇండియన్ టైమా?" అని అడగటం అలవాటైపోయింది. అక్కడ అందరూ అలాగే అడుగుతారు. ఒక ఊళ్లోనే, ఒక వీధిలోనే, రెండు గడియారాలు. భర్త తోటలో, భార్య స్కూల్లో పని చేసే ఇళ్లలో ఇద్దరి భోజనాల వేళలూ వేరు.

ఆ రోజు నేను తిరిగి వెళ్లిపోకుండా ఆకు తూకం వేసే చోటికి నడిచాను, మధ్యాహ్నం విరామంలోనైనా పని కానిద్దామని. రెండాకులూ మొగ్గా తుంచిన పచ్చటి కుప్పలు, తడి వాసన. ఒక ముసలావిడ బుట్ట దించి, తన తూకం తనే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. "ఒకటి, రెండు, మూడు..." నేను ఉన్నచోటే ఆగిపోయాను. ఇంటి నుంచి అంత దూరంలో, అంత చినుకులో, తెలుగు అంకెలు. అస్సాం తోటల్లో తెలెంగా అనే వాళ్లున్నారని అప్పటికి నాకు తెలియదు. నూరేళ్లకి పైబడి క్రితం గంజాం, విశాఖపట్నం వైపు నుంచి తోట పనికి తీసుకెళ్లిన వాళ్ల సంతతి. ఆవిడకి తుని తెలియదు, విజయవాడ తెలియదు. భాషలో సగం సాద్రీ, అంటే తోట కూలీలు మాట్లాడుకునే భాష, కలిసిపోయింది. అయినా నా చెయ్యి పట్టుకుని, వచ్చీరాని మాటల్లో అంది, "అమ్మా, ఈడ పొద్దు బేగి పొడుత్తాది. పొద్దుతోనే రావాల."

గడియారం గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. పొద్దు అంది. మనకి సూర్యుడూ పొద్దే, సమయమూ పొద్దే. పొద్దున, పొద్దెక్కింది, పొద్దుపోయింది, పొద్దుగూకింది అని రోజూ అంటూనే ఉంటాం. ఆ రెండూ వేరని నాకు ముప్పై ఏళ్ల వరకూ తోచలేదు, ఎందుకంటే తునిలో అవి వేరు కావు.

అమ్మతో మాత్రం ఈ లెక్కల మీద ఫోన్‌లో పెద్ద పేచీలే జరిగేవి. నేను చేరిన రోజు సోమవారం. "ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం, ఆ మధ్యలో గడప దాటకు" అని ముందు రోజు రాత్రే చెప్పింది, నేనూ దాటలేదు. తర్వాత ఆలోచిస్తే, రాహుకాలమంటే పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో ఒకటి. సోమవారానికి రెండో భాగం. ఏడున్నర అన్నది ఆరింటికి తెల్లారి ఆరింటికి పొద్దుగూకే ఊరి లెక్క. జూన్‌లో డిగ్బోయ్ పగలు పద్నాలుగు గంటలకి కాస్త తక్కువ. అక్కడ సోమవారం రాహుకాలం ఆరుకి మొదలై ఎనిమిది కాకముందే అయిపోతుంది. ఈ మాట చెప్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు మా పురోహితుడి గారిని అడిగి వచ్చి, "అవునే, నువ్వన్నదే నిజం" అంది.

ఆయనే ఇంకో సంగతి కూడా చెప్పారట. పంచాంగంలో సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజంతా సాధారణంగా ఆ తిథే లెక్క. కాబట్టి రెండు ఊళ్ల సూర్యోదయాల మధ్య తిథి మారితే, రెండు ఊళ్లకీ తిథులు వేరవుతాయి. అలా ఒకసారి నిజంగానే జరిగింది. ఆషాఢంలో ఒక రోజు దశమి అయిదింటికి ముగిసింది. డిగ్బోయ్‌లో అప్పటికి తెల్లారి అరగంట దాటింది కాబట్టి అక్కడ ఆ రోజు దశమి. తునిలో ఇంకా తెల్లారలేదు, అక్కడ ఏకాదశి. అమ్మ ఉపవాసం ఉన్న రోజు నాకు మామూలు రోజు. ఒకే గడియారం చూసుకుంటున్న తల్లీ కూతుళ్లకి ఒకే రోజున రెండు తిథులు. మన పెద్దవాళ్లు ఘడియలూ విఘడియలూ ఎవరి ఊరి సూర్యోదయం నుంచి వాళ్లు లెక్కపెట్టుకునేవారు. రోజుకి అరవై ఘడియలు, ఘడియకి ఇరవై నాలుగు నిమిషాలు. ఆ లెక్కన తునికీ డిగ్బోయ్‌కీ తేడా 2 ఘడియల 10 విఘడియలు. రైలు రాక ముందు ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే.

రైలు వచ్చాకే చిక్కు. మొదట రైల్వే వాళ్లు మద్రాసు టైం వాడేవారు, అది ఇప్పటి టైంకి 9 నిమిషాలు వెనక. 1906 జనవరి 1 నుంచి గ్రీనిచ్‌కి అయిదున్నర గంటలు ముందు అన్న ఇప్పటి లెక్క వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా సొంత టైం వదల్లేదు. 1942 నుంచి 1945 వరకు, యుద్ధం రోజుల్లో, దేశం మొత్తం గడియారాన్ని గంట ముందుకి జరిపారు. డిగ్బోయ్‌కి దగ్గర్లోని లేడో నుంచి బర్మాలోకి సైన్యం రోడ్డు వేసిన కాలం సరిగ్గా అదే. అంటే ఆ మూడేళ్లు డిగ్బోయ్‌కి దాని పొద్దుకి తగ్గ గడియారం దొరికింది. యుద్ధం అయిపోగానే పోయింది.

మనుషుల తీరులో కూడా ఈ పొద్దు తేడా కనిపిస్తుందని నా నమ్మకం. తుని వ్యాపారం ఊరు. హౌరా, చెన్నై మెయిన్ లైను మీద ఉంది, పక్కనే హైవే. తాండవ ఏరు దాటితే పాయకరావుపేట, అప్పుడే వేరే జిల్లా. మామిడికాయల రోజుల్లో రాత్రి రెండింటికీ లారీలు లోడవుతుంటాయి, తమలపాకు బుట్టలు బండెక్కుతుంటాయి. మాట గబగబా, గట్టిగా ఉంటుంది. బేరం లేకుండా ఏదీ కొనం. మధ్యాహ్నం ఊరు కాస్త కునుకు తీసి, అయిదింటికి మళ్లీ లేచి, రాత్రి పది దాకా రోడ్ల మీదే ఉంటుంది. మాకు సాయంత్రమే ఊరు.

డిగ్బోయ్‌కి ఉదయమే ఊరు. అక్కడ 1889లో చమురు బావి తవ్వారు, 1901లో రిఫైనరీ మొదలైంది, దేశంలో ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అన్నిటికంటే పాతది. అడవిలో తిరిగిన ఏనుగు కాళ్లకి చమురు అంటుకుని కనిపిస్తే, దొర "డిగ్ బాయ్, డిగ్" అని తవ్వించాడనీ అదే ఊరి పేరైందనీ అక్కడ ప్రతి ఒక్కరూ చెప్తారు. కంపెనీ బంగళాలు, క్వార్టర్లు, శుభ్రమైన వీధులు, ఎప్పుడూ తడిగా ఉండే చెట్లు. మనుషులు గొంతు పెంచరు. ఏం అడిగినా "లాహే లాహే" అంటారు, నెమ్మదిగా, మెల్లమెల్లగా అని. మొదట్లో నాకు ఆ మాట వింటే టెన్షన్ వచ్చేది, పని ఎప్పటికవుతుందా అని. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పది అయ్యేసరికి ఇంటి పనీ పెరటి పనీ ముగించుకున్న మనిషికి పదింటికి బ్యాంకులో తొందర ఎందుకుంటుంది? వాళ్ల రోజు సగం అప్పటికే గడిచిపోయింది. నెమ్మది అనుకున్నది నిజానికి అలసట అని, మా ఆఫీసు వేళలే వాళ్ల పొద్దుకి సరిపడవని నాకు తర్వాత అర్థమైంది.

అన్నిటికంటే నన్ను కదిలించింది డిసెంబరు. నాలుగింటికి కౌంటర్ మూసి క్యాష్ లెక్క చూసుకుంటుంటే అద్దాల బయట ఆకాశం బూడిద రంగులోకి మారేది. లెక్క ముగిసేసరికి కటిక చీకటి. సాయంత్రాన్ని అక్కడ గధూలి అంటారు, మన గోధూళే. నాతో పనిచేసే అమ్మాయి ఒకతె మార్ఘెరిటా వైపు ఊరు నుంచి వచ్చేది. అయిదున్నరకి ఆఫీసు వదిలితే ఆమెకి అది రాత్రి. షేర్ ఆటోలు తగ్గిపోయేవి. మూడున్నర నుంచే కిటికీ వైపు చూడటం మొదలుపెట్టేది. ఏడాదిలో నాలుగు నెలలు ఆమె సాయంత్రం వెలుతురు చూడకుండానే బతికేది. అదే అయిదున్నరకి మా అమ్మ ఫోన్ చేసి, "ఇప్పుడే తులసి కోట దగ్గర దీపం పెట్టానే" అనేది. ఆ వెలుతురు గొంతులోనే తెలిసేది నాకు.

అందుకే ఈశాన్య రాష్ట్రాలకి వేరే టైం జోన్ ఇవ్వాలన్న మాటని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. సినీ దర్శకుడు జాహ్ను బరువా ఏళ్ల తరబడి అదే అడుగుతున్నారు. నేను వెళ్లిన ఏడాది జనవరిలోనే అప్పటి ముఖ్యమంత్రి తరుణ్ గొగోయ్ అస్సాం గడియారం గంట ముందుకి జరుపుతామన్నారు, జరగలేదు. 2018లో దేశానికి టైం చెప్పే నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్తలే రెండు జోన్లు సాధ్యమని పేపర్ రాశారు. 89 డిగ్రీల 52 నిమిషాల దగ్గర, బెంగాల్ అస్సాం సన్నగా కలిసే చోట గీత గీస్తే, రైళ్లు టైం మార్చుకోవాల్సిన స్టేషన్లు న్యూ కూచ్ బిహార్, అలీపుర్‌దువార్ రెండేనని లెక్క చూపించారు. దేశం రెండు ముక్కలవుతుందన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ డిగ్బోయ్‌కి పడమట ఉన్న బంగ్లాదేశ్‌లో గడియారం డిగ్బోయ్ కంటే అరగంట ముందుంది. తూర్పున కొండలు దాటితే మయన్మార్ గడియారం సరిగ్గా బాగాన్ టైమే. రెండు పక్కలా ఉన్నవాళ్ల గడియారం ముందుకి జరిగి, మధ్యలో ఉన్న డిగ్బోయ్ వాళ్లది మాత్రం తునికి కట్టేసి ఉంది. మన ఊరి మధ్యాహ్నం కోసం వాళ్ల సాయంత్రం పోతోంది. ఆ గీత మా ఊరి పక్కనుంచే పోతుంది కాబట్టి ఈ మాట తునివాళ్లే ముందు అనాలని నాకనిపిస్తుంది.

2017లో వెనక్కి వచ్చేశాను. వస్తూ పక్కింటావిడ ఇచ్చిన గమోసా తువ్వాలూ, తామూల్ పెట్టే బటా అనే ఇత్తడి పళ్లెమూ తెచ్చుకున్నాను. అక్కడ ఇంటికెళ్తే ముందు తామూల్ పెడతారు, పచ్చి వక్కా తమలపాకూ. తుని తమలపాకు రుచి వాళ్లకి చూపించాలని ఒకసారి సెలవుకి వచ్చి వెళ్తూ కట్టలు పట్టుకెళ్లాను. రైల్లో సగం వాడిపోయాయి, మిగిలినవి ఆవిడ వీధంతా పంచింది.

మార్ఘెరిటా అమ్మాయి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మొన్న డిసెంబరులో చేసినప్పుడు నాలుగున్నర. మా డాబా మీద ఇంకా ఎండ ఉంది, అమ్మ వడియాలు తిరగేస్తోంది. నేను అస్సామీలో మాట్లాడటం విని ఎవరో తెలిసిపోయి, పక్కన కూర్చుని, చెయ్యి నా మోకాలి మీద వేసి మెల్లగా అడిగింది, "అక్కడ పొద్దుగూకిపోయి ఉంటుందిగా, ఆ పిల్ల ఇంటికి చేరిందా?"

ఇంకా లేదు, ఆటో కోసం నిలబడి ఉంది.